మిత్రురాలి పేరిట స్మారక ఉపకారవేతనం: స్వర్ణ పతకమా, హాస్టల్ ఖర్చా? అనుభవజ్ఞుల సలహాలు కావాలి

వెనక బెంచీ (చర్చ ప్రారంభం)

వేదిక సభ్యులందరికీ నమస్కారం. మాతో పాటు సివిల్ ఇంజినీరింగ్ చదివిన మిత్రురాలు ఒకామె నిరుడు వానాకాలంలో జ్వరం సోకి వారం తిరగకముందే చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఐదేళ్లు నిండలేదు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఆమె పేరు గానీ మా కళాశాల పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. వాళ్ల అమ్మానాన్నలు ఇంకా తేరుకోలేదు, వాళ్లను అడగకుండా ఆ పేరును నలుగురిలో పెట్టడం మాకు ఇష్టం లేదు.

ఆమె పేరిట ఏటేటా ఒక ఉపకారవేతనం ఇవ్వాలని బ్యాచ్ వాళ్లం అనుకున్నాం. ఇంతవరకు వచ్చిన హామీలు కూడితే పది లక్షల రూపాయల దగ్గర తేలింది. అయితే ఖర్చు ఎలా పెట్టాలన్న దగ్గరే ఆగిపోయాం. ఆ మొత్తాన్ని విశ్వవిద్యాలయానికి కట్టి, సివిల్ శాఖలో ప్రథమ స్థానం పొందినవారికి అమ్మాయి పేరిట స్వర్ణ పతకం ఇప్పించాలని వాళ్ల నాన్నగారు అంటున్నారు. స్నాతకోత్సవంలో ఏడాదికి ఒక్కసారైనా కూతురి పేరు మైకులో వినబడాలన్నది ఆయన కోరిక. ఆ మాటకు ఎదురు చెప్పగల ధైర్యం మాలో ఎవరికీ లేదు.

కానీ ఆమె ఎప్పుడూ ప్రథమ స్థానంలో లేదు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో ఏడాదిలో చేరిన విద్యార్థిని. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ నంబర్లలో మొదటి ఏడాది నుంచి చదివినవారికి 1ఏ అనీ, ఇలా లేటరల్‌గా వచ్చినవారికి 5ఏ అనీ ఉంటుందని చాలామందికి తెలుసు. ఈ 5ఏ వాళ్లు కౌన్సెలింగ్ ముగించుకుని వచ్చేసరికి తరగతులు మొదలైపోయి ఉంటాయి, హాస్టల్ గదులు నిండిపోయి ఉంటాయి, ఇంజినీరింగ్ మొదటి ఏడాది లెక్కలు చదవకుండానే రెండో ఏడాది లెక్కలు నెత్తిన పడతాయి. ఆమె కూడా మొదటి సెమిస్టర్‌లో లెక్కలు తప్పింది. సప్లీలో గట్టెక్కాక, చదువు ముగిసేదాకా ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన 5ఏ పిల్లలను హాస్టల్ వరండాలో కూర్చోబెట్టి అవే లెక్కలు చెప్పింది. అటువంటి మనిషి జ్ఞాపకంగా శాఖలో మొదటివాడికి పతకం ఇవ్వడం మా మనసుకు ఎక్కడం లేదు. ఇలాంటి నిధులు నడిపినవారూ, అందుకున్నవారూ ఉంటే దయచేసి రాయండి.

కాగడా

మీ మిత్రురాలి మరణానికి నా సంతాపం. అయితే నేను ఆ తండ్రి పక్షాన మాట్లాడతాను. బిడ్డ పోయిన తరువాత ఆ పేరు ఇంట్లో కూడా ఎవరూ ఎత్తరు, వింటే తల్లి ఏడుస్తుందని చుట్టాలు జాగ్రత్తపడతారు. అందరూ మౌనం పాటించే ఆ పేరును నిండు సభలో, చప్పట్ల మధ్య పలకాలని ఆయన కోరుకోవడంలో తప్పేముంది? మీరు స్నేహితులు, ఆయన తండ్రి. డబ్బు మీరు వేసినా పేరు ఆయన పెట్టింది. ముందు ఆయన కోరిక తీర్చి, తరువాత మీ ఆలోచనలు చేసుకోండి.

సుద్దముక్క

ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీరింగ్ విద్యార్థులకు గణితం చెప్పినవాడిని కనుక రెండు మాటలు రాస్తున్నాను. కాగడా గారి మాటలో న్యాయం ఉంది. కానీ స్మారక పతకాల సంగతి దగ్గరగా చూసినవాడిని. మన పాత విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవ పుస్తకం తెరిస్తే దాతల పేరిట పతకాల జాబితా పేజీలకు పేజీలు ఉంటుంది. ఒకే విద్యార్థి నాలుగైదు పతకాలు అందుకోవడం కద్దు. ఆ పేర్లను చదివేవారు గుక్క తిప్పుకోకుండా చదువుతారు. ఎవరి జ్ఞాపకంగా ఏ పతకం వచ్చిందో ఇంటికి వెళ్లాక అందుకున్నవారికి కూడా గుర్తుండదు. దశాబ్దాల క్రితం కట్టిన మూలనిధుల మీద వడ్డీ ఈనాటి బంగారం ధరకు ఏ మూలకూ చాలదు కాబట్టి, స్వర్ణ పతకమంటే ఇప్పుడు చాలాచోట్ల పూత మాత్రమే.

ఇక అసలు చెప్పదలచుకున్నది ఉపకారవేతనానికి పెట్టే షరతుల గురించి. శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనం మీదనే చేరాడు. లెక్కల్లో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు తప్పేసరికి ఆ ఉపకారవేతనం పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం వైపు పారిపోయి వచ్చాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్‌ఏ (నేటి ఇంటర్మీడియెట్ వంటిది) పరీక్ష గట్టెక్కలేదు. అతన్ని ఆ దశలో నిలబెట్టింది అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు తన జేబులోంచి నెలనెలా ఇచ్చిన పాతిక రూపాయలు. మార్కుల జాబితా అడగకుండా ఇచ్చిన డబ్బు అది. రామానుజన్ 1920లో ముప్పై రెండేళ్లకే పోయాడు. ఇప్పుడు ఆయన పేరిట 'శాస్త్ర' (SASTRA) అనే విశ్వవిద్యాలయం 2005 నుంచి కుంభకోణంలో ఏటా పది వేల డాలర్ల పురస్కారం ఇస్తోంది, దానికి వయోపరిమితి కూడా ముప్పై రెండేళ్లే. ఎంపిక సంఘానికి అధ్యక్షత వహిస్తున్న కృష్ణస్వామి అల్లాడి గారు మన నెల్లూరు జిల్లా మూలాలున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి మనవడు. ఆ పురస్కారం గొప్పదే. కానీ అది అందుకునేది అప్పటికే పేరు తెచ్చుకున్న గణితజ్ఞులు. కుంభకోణంలో పరీక్ష తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న కుర్రవాడికి ఆనాడు కావలసింది వేరు.

కాబట్టి వెనక బెంచీ గారూ, మీరు నెలకొల్పేది ఏదైనా అందులో "అన్ని సబ్జెక్టులూ పాసైతేనే రెండో ఏడాది కొనసాగుతుంది" అన్న వాక్యం మాత్రం రాయకండి. 5ఏ పిల్లలు తప్పేది ఆ మొదటి సెమిస్టర్‌లోనే. సరిగ్గా అప్పుడే సాయం ఆపేస్తే, మీ మిత్రురాలే ఆ నిధికి అనర్హురాలు అయి ఉండేది.

వెనక బెంచీ

మాస్టారూ, మీ చివరి వాక్యం మా బృందం అంతటికీ పంపాను. ఆ దృష్టితో మేం ఆలోచించలేదు. నిజానికి ఒకరు రాసిన తొలి ముసాయిదాలో డెబ్బై శాతం మార్కులు, బ్యాక్‌లాగులు ఉండరాదు అని ఉంది.

చిట్టా ఆవర్జా

వృత్తిరీత్యా లెక్కలు చూసేవాడిని, కనుక కాగితాల సంగతి చెబుతాను. ఎవరైనా ఒకరి సొంత ఖాతాలో అందరి డబ్బూ వేయించుకుని నడిపించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. స్నేహం చెడటానికి అంతకంటే దగ్గరి దారి లేదు, ఆదాయపు పన్ను శాఖ అడిగితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ ఒక్కరే.

మీ ముందు మూడు మార్గాలున్నాయి. ట్రస్టు దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించడం మొదటిది. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెట్టడం రెండోది, దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఏటా సర్వసభ్య సమావేశం తప్పదు. ఇప్పటికే నమోదై ఉన్న పూర్వ విద్యార్థుల సంఘానికి ప్రత్యేక నిధిగా అప్పగించడం మూడోది. పది లక్షల పరిమాణానికి మూడోదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ట్రస్టు పెట్టిన నాటి నుంచి ఏటా ఆడిట్, రిటర్నుల ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఇద్దరు పిల్లల మెస్ బిల్లు మింగేస్తుంది.

సొంత ట్రస్టే కావాలంటే ఆదాయపు పన్ను చట్టంలోని 12ఏబీ సెక్షన్ కింద నమోదు చేయించుకోవాలి, దాతలకు పన్ను మినహాయింపు కావాలంటే 80జీ ఆమోదం ఉండాలి. కొత్త సంస్థలకు ముందుగా మూడేళ్ల తాత్కాలిక నమోదు ఇస్తారు. 80జీ వల్ల లాభం పాత పన్ను విధానంలో ఉన్నవారికే, రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి అది కూడా వర్తించదు. (ఈ సంఖ్యలు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో మాత్రం ఇంకా పాత పేర్లతోనే మాట్లాడుకుంటారు.) మూలనిధికి ఇచ్చే ప్రతి దాతా "ఇది మూలనిధికి" అని రాసి ఇవ్వాలి. లేకపోతే అది ఆ ఏటి ఆదాయం అవుతుంది, అందులో 85 శాతం ఆశయం కోసం ఖర్చు పెట్టి చూపవలసి వస్తుంది. చాలా ట్రస్టులు చతికిలపడేది ఈ చిన్న కాగితం దగ్గరే.

ప్రవాసి

నేను డాలస్‌లో ఉంటాను. ఇటువంటి నిధులకు ఇక్కడి మిత్రులు ఒక్క సాయంత్రంలోనే పెద్ద మొత్తం పోగు చేస్తారు. వెనక బెంచీ గారి బ్యాచ్‌లో కూడా విదేశాల్లో ఉన్నవారు ఉండే ఉంటారు. వారు నేరుగా పంపవచ్చునా?

చిట్టా ఆవర్జా

ప్రవాసి గారూ, దాత ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, ఏ దేశపు పౌరులన్నది ముఖ్యం. భారత పౌరసత్వం వదలని ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ మూలమే అవుతారు. వారి డబ్బు తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. నిన్న మొన్న పుట్టిన ట్రస్టుకు ఆ నమోదు దొరకదు, సాధారణంగా మూడేళ్ల పనిని, ఖర్చును చూపించాలి. కాబట్టి మీ బృందంలో పాస్‌పోర్టు మారినవారు ఉంటే వారి నుంచి డబ్బు బదులు పని అడగండి. పిల్లలకు ఉద్యోగ ఇంటర్వ్యూల తర్ఫీదు ఇమ్మనండి, ప్రాజెక్టు రిపోర్టులు దిద్దమనండి.

పెద్దన్నయ్య

మా తమ్ముడు ఇంటర్మీడియెట్ చదువుతుండగా పోయాడు. వాడి పేరిట మా ఊరి ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా ఒక చిన్న నిధి నడుపుతున్నాం. తండ్రిగారి కోరిక గురించి మీరు మథనపడుతున్నారు కనుక, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మొదటి ఏడు వర్ధంతి నాడు సభ పెట్టాం. వేదిక మీద దండ వేసిన ఫోటో, దాని ముందు చెక్కు పట్టుకుని ఎనిమిదో తరగతి పిల్ల. మా అమ్మ ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. తనకు ఎందుకు డబ్బు ఇస్తున్నారో, తాను ఎవరి చావుకు ఏం చెప్పాలో ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? అది చూశాక మా నాన్న సభను వర్ధంతి నుంచి తమ్ముడి పుట్టినరోజుకు మార్చారు, మరుసటేడు సభనే మానేశారు. ఇప్పుడు జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ప్రధానోపాధ్యాయులు పిల్లల జాబితా ఇస్తారు, డబ్బు వాళ్ల ఖాతాలకు వెళ్తుంది, బడి నోటీసు బోర్డు మీద తమ్ముడి పేరుతో ఒక కాగితం అంటిస్తారు. అంతే.

అలాగని మా నాన్న కోరిక తీరలేదనుకోకండి. ఆయన సాయంత్రాలు ఆ బడికి వెళ్లి గ్రంథాలయం బీరువా సర్దుతారు. పిల్లలు ఆయనను తమ్ముడి పేరుతోనే, ఫలానా వాళ్ల నాన్నగారు అని పిలుస్తారు. మైకులో పేరు ఒక్క నిమిషం వినబడుతుంది. మీ మిత్రురాలి నాన్నగారికి ఏటా ఒక రోజు కాకుండా ఏడాది పొడవునా ఒక పని ఉంటే బాగుంటుందేమో చూడండి. ఇది సలహా మాత్రమే, దుఃఖం ఎవరి పద్ధతి వారిది.

కాగడా

పెద్దన్నయ్య గారి అనుభవం చదివాక నా మాట కొంత మెత్తబడింది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. గుట్టుగా ఖాతాలో వేసే డబ్బులో ఆ అమ్మాయి ఎక్కడుంది? పేరు తీసేసి చూస్తే అది మరొక ఫీజు సాయం. స్మారకమన్నాక పోయిన మనిషి అందులో కనబడాలి.

సుద్దముక్క

కనబడాలి, నిజమే. అయితే మనిషి కనబడేది సభలో కాదు, ఆ నిధి నియమాల్లో. ఒకటి రెండు ఉదాహరణలు ఇస్తాను.

1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాక్ అయిన పాన్ ఆమ్ విమానంలో ప్రయాణికులను కాపాడుతూ నీర్జా భనోత్ ప్రాణాలు కోల్పోయింది. మరో రెండు రోజుల్లో ఆమెకు ఇరవై మూడు నిండేవి. అశోక చక్ర పొందిన తొలి మహిళ ఆమె. కుటుంబ సభ్యులు బీమా డబ్బుతో ఒక ట్రస్టు పెట్టారు, అంతే మొత్తాన్ని పాన్ ఆమ్ సంస్థ కూడా కలిపింది. ఆ ట్రస్టు నెలకొల్పిన పురస్కారాలు రెండు. విధికి మించి సాహసం చూపిన విమాన సిబ్బందికి ఒకటి. అది ఎవరైనా ఊహించగలిగేదే. రెండోది సామాజిక అన్యాయానికి గురై, నిలదొక్కుకుని, తనలాంటి ఇతర స్త్రీలకు తోడు నిలిచిన భారతీయ మహిళకు ఇచ్చేది. కట్నం వేధింపుల వల్ల నీర్జా పెళ్లయిన రెండు నెలలకే ఆ సంసారం వదిలి పుట్టింటికి వచ్చి, సొంత కాళ్లమీద నిలబడిందని తెలిసినవారికి ఈ రెండో పురస్కారం ఎందుకో అర్థమవుతుంది. ప్రపంచం చూసిన నీర్జా మొదటి పురస్కారంలో ఉంది, ఇంటివాళ్లకు తెలిసిన నీర్జా రెండోదానిలో ఉంది.

రెండోది సివిల్ ఇంజినీర్లయిన మీకు తెలిసే ఉంటుంది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసిన సత్యేంద్ర దూబే, 2003 నవంబరు 27న గయలో హత్యకు గురయ్యాడు. ఆ రోజే అతనికి ముప్పై ఏళ్లు నిండాయి. అతను చదివిన కాన్పూర్ ఐఐటీ అతని పేరిట ఇస్తున్నది మార్కుల పతకం కాదు, వృత్తిలో నిజాయితీకి నిలబడిన పూర్వ విద్యార్థులకు ఇచ్చే పురస్కారం.

మీ మిత్రురాలు హాస్టల్ వరండాలో లెక్కలు చెప్పింది. మీ నియమాలకు అంతకంటే మంచి ఆధారం మీకు దొరకదు.

గోదారి గట్టు

రాజమహేంద్రవరం వాడిని కనుక మా ఊరి ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచి వల్ల చనిపోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. మా ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని కళను గుర్తించి ప్రోత్సహిస్తే బొంబాయి జేజే చిత్రకళాశాలకు వెళ్లి చదువుకుని వచ్చాడు. అతను పోయాక భార్య సత్యవాణి గారు, వరదా వెంకటరత్నం వంటి సహచరులు ఆ బొమ్మలను అమ్ముకోలేదు, పంచుకోలేదు. అతని పేరిట చిత్రశాల నిలిపి, దాని పక్కనే బొమ్మలు నేర్పే బడిని నడిపారు. నూరేళ్లు గడిచినా మా ఊళ్లో ఆ పేరు బతికి ఉన్నదంటే గోడమీది బొమ్మల వల్ల ఎంతో, వాటి ముందు కూర్చుని గీతలు నేర్చుకున్న పిల్లల వల్ల కూడా అంతే. శిలావిగ్రహాలకు మా ఊళ్లో కొదవ లేదు. వాటిలో సగం ఎవరివో రిక్షావాళ్లను అడిగినా చెప్పలేరు.

5ఏ రోల్ నంబరు

ఈ చర్చ కోసమే సభ్యత్వం తీసుకున్నాను. నేను ఈసెట్ ద్వారా చేరినవాడిని, వేరొక కళాశాలలో ఒక స్మారక ఉపకారవేతనం అందుకున్నవాడిని. ఇచ్చేవారు ఎప్పుడూ అడగనివి కొన్ని చెబుతాను.

లేటరల్‌లో చేరినవారికి కూడా ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది కాబట్టి ట్యూషన్ ఫీజుకు డబ్బు ఇవ్వడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. అసలు ఇబ్బంది చేరిన మొదటి నెలలో వస్తుంది. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, డ్రాఫ్టరు, ల్యాబ్ రికార్డులు, బస్సు పాసు, పరీక్ష ఫీజు, వీటిలో ఏదీ రీయింబర్స్‌మెంట్ రాదు, ఏదీ ఆగదు. నాకు వచ్చిన ఉపకారవేతనం మొత్తం చిన్నదేమీ కాదు. కానీ అది ఫిబ్రవరిలో వచ్చింది. ఆగస్టులో మా నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద అప్పటికే వడ్డీ పెరిగింది. సగం మొత్తమే ఆగస్టులో ఇచ్చి ఉంటే ఆ అప్పు పుట్టేదే కాదు.

రెండో సంగతి. దరఖాస్తులో "మీ కుటుంబ కష్టాలను రెండు పేజీలలో వివరించండి" అని ఉండేది. మా అమ్మ ఆరోగ్యం గురించి, నాన్న తాగుడు గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లకు రాయవలసి వచ్చింది. మీసేవ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఉన్నాక ఆ రెండు పేజీలు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఏటా కృతజ్ఞతా లేఖ కూడా అడిగేవారు. నిజానికి ఆ పోయిన అన్నయ్య ఎవరో తెలుసుకోవాలని నాకు ఉండేది. ఆయన ఏం చదివాడు, ఏ గదిలో ఉండేవాడు, లెక్కలు వచ్చేవా రావా అని. అది ఎవరూ చెప్పలేదు. ఫోటో కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రం ఉండేవి. ఆయన కూడా నాలాగే మొదటి సెమిస్టర్ తప్పాడని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ ఉపకారవేతనం కన్నా ఆ మాటే నాకు ఎక్కువ అక్కరకొచ్చేది.

వెనక బెంచీ

5ఏ రోల్ నంబరు గారూ, మీరు రాసింది ఆమె తల్లిదండ్రులకు చదివి వినిపించడానికి మీ అనుమతి కావాలి.

5ఏ రోల్ నంబరు

తప్పకుండా. నాన్న తాగుడు మాట ఒక్కటి తీసేసి చదవండి.

ప్రవాసి

మరొక సందేహం. పది లక్షలు శాశ్వత నిధిగా ఉంచి వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టాలా, లేక అసలుతో సహా ఖర్చు చేసెయ్యాలా? మా వైపు అందరూ శాశ్వత నిధి అనే అంటారు. పేరు శాశ్వతంగా ఉండాలి కదా.

చిట్టా ఆవర్జా

లెక్క వేసి చూద్దాం. ఏడు శాతం వడ్డీ అనుకుంటే పది లక్షల మీద ఏటా డెబ్బై వేలు వస్తుంది. ధరలు ఏటా ఐదున్నర శాతం చొప్పున పెరిగితే ఇరవై ఏళ్ల తరువాత అదే డెబ్బై వేలకు ఈనాటి ఇరవై నాలుగు వేల విలువ ఉంటుంది. అంటే ఇప్పుడు నలుగురు పిల్లలకు సరిపోయేది అప్పుడు ఒక్కరికి సరిపోతుంది. వడ్డీలో కొంత మిగిల్చి అసలుకు కలుపుతూ పోతే విలువ నిలబడుతుంది గానీ, మొదటి ఏడాది నుంచే పిల్లలకు ఇచ్చేది పదిహేను వేలకు పడిపోతుంది.

అదే మొత్తాన్ని పదేళ్లలో అసలుతో సహా ఖర్చు పెట్టాలనుకుంటే ఏటా లక్షా నలభై రెండు వేలు ఇవ్వవచ్చు. పదేళ్లయ్యాక నిధి ఉండదు. సుద్దముక్క గారు చెప్పిన పూత పతకాలు ఇలాగే తయారవుతాయి. దాత శాశ్వతం అనుకుని కడతాడు, ధర మాత్రం ఆగదు.

కాగడా

పదేళ్లకు పేరు ఆగిపోతుందని ఆ తండ్రికి చెప్పగలరా మీరు?

పెద్దన్నయ్య

కాగడా గారూ, నేను చెప్పగలను. పదేళ్లలో ఏటా ఆరుగురు ఏడుగురు పిల్లలు ఆ సాయంతో చదువుకుంటే, ఆ తరువాత కొనసాగించాలా వద్దా అన్నది వాళ్లే తేలుస్తారు. మా నిధిలో ఇప్పుడు సగం డబ్బు పాత పిల్లలు వేసేదే. మేం ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే అది అప్పు అయ్యేది.

సుద్దముక్క

కళాశాల యాజమాన్యం గురించి కూడా జాగ్రత్తపడండి. నిధి వారి చేతికి పూర్తిగా ఇచ్చేస్తే అడ్మిషన్ల కరపత్రంలో అది వారి ఘనతగా వస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే అదే. ఎంపికలో శాఖాధిపతి ఒక్కరే కాకుండా, హాస్టల్ వార్డెన్ మాట కూడా వినండి. ఏ పిల్ల రెండు పూటలే తింటున్నదో మెస్ రిజిస్టరుకు తెలిసినట్టు మార్కుల రిజిస్టరుకు తెలియదు.

వెనక బెంచీ

ఆదివారం నాడు మేం కొందరం వాళ్ల ఇంటికి వెళ్లి, ఈ చర్చను అచ్చు తీసిన కాగితాలు చూపించాం. కాగడా గారి మొదటి జవాబు చదివి వాళ్ల నాన్నగారు, "ఈయన ఎవరో నా మనసు చదివాడు" అన్నారు. సుద్దముక్క గారి జవాబు దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. కూతురు మొదటి సెమిస్టర్‌లో లెక్కలు తప్పిన సంగతి ఆయనకు తెలియదట. ఆమె ఇంట్లో చెప్పలేదు. వాళ్ల అమ్మగారికి మాత్రం తెలుసు, సప్లీ ఫీజు ఆవిడే పంపారు. ఆ సంగతి నియమాల్లో రాయవచ్చునా అని మేం భయపడుతూ అడిగాం. అమ్మగారే రాయమన్నారు.

కుదిరిన ఒప్పందం ఇది. విశ్వవిద్యాలయ పతకం ఆలోచన విరమించారు. ఈసెట్ ద్వారా సివిల్‌లో చేరిన పిల్లలకు, చేరిన పదిహేను రోజుల్లోపు, ఒక్కొక్కరికి ఇరవై వేల చొప్పున హాస్టల్ డిపాజిట్‌కూ తొలి నెల ఖర్చులకూ ఇస్తాం. సప్లీలు ఉన్నా మరుసటి ఏడాది పదివేలు కొనసాగుతుంది. ఆదాయ ధ్రువపత్రం, అలాట్‌మెంట్ కాగితం తప్ప మరేమీ అడగం. నిధి పదేళ్లు. దరఖాస్తు వెనక పేజీలో ఆమె గురించి అరపేజీ ఉంటుంది, అందులో లెక్కలు తప్పిన సంగతి, తరువాత వరండాలో చెప్పిన సంగతి రెండూ ఉంటాయి. ప్రతి ఏడూ కొత్త 5ఏ పిల్లలకు మొదటి ఆరు వారాలు సాయంత్రం లెక్కల తరగతులు ఆమె పేరిట జరుగుతాయి, చెప్పేది సీనియర్ 5ఏ విద్యార్థులు, వాళ్లకు చిన్న గౌరవ వేతనం ఉంటుంది.

పతకం పూర్తిగా పోలేదు. కళాశాల వార్షికోత్సవంలో, ఆ తరగతులు చెప్పిన విద్యార్థికి ఆమె పేరిట ఒక వెండి పతకం నాన్నగారు తన సొంత డబ్బుతో ఇస్తానన్నారు. మైకులో పేరు వినబడుతుంది. ఇందులో ఎవరికైనా అభ్యంతరం కనబడితే ఇప్పుడే చెప్పండి.

కాగడా

అభ్యంతరం లేదు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.

5ఏ రోల్ నంబరు

ఒక్కటే. రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకు ఇబ్బంది రాకుండా, ఈ మొత్తాన్ని ట్యూషన్ ఫీజు సాయమని ఎక్కడా రాయకండి. ముందుగా కళాశాల స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి. అలాగే చాలామంది జీరో బ్యాలెన్స్ ఖాతాలు వాడకం లేక స్తంభించి ఉంటాయి. డబ్బు వేసే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందో లేదో అడగండి. మొదటి ఏడాది ఆరు వారాలు లెక్కలు చెప్పడానికి మనిషి కావాలంటే నేను శనివారాలు రాగలను, మీ కళాశాల బస్సు దూరంలోనే ఉంటే.

చిట్టా ఆవర్జా

లెక్క సరిపోయింది. ఏటా లక్షా నలభై రెండు వేలలో కొత్తవారు నలుగురు, పాతవారు నలుగురు కలిసి లక్షా ఇరవై వేలు, తరగతులు చెప్పేవారికి మిగతాది. అంతకంటే ఎక్కువమందిని తీసుకోవాలనిపించినా మొదటి రెండేళ్లు ఆగండి. పూర్వ విద్యార్థుల సంఘంతో ఒప్పంద పత్రం నమూనా నా దగ్గర ఉంది, ఈ రాత్రికి పంపుతాను. అందులో రెండు ఖాళీలు మీరు నింపాలి: పదేళ్ల తరువాత మిగిలిన డబ్బు ఎవరికి చెందాలి, బ్యాంకు సంతకాలు పెట్టేవారు ఎవరు. సంతకాలకు ముగ్గురిని పెట్టి, ఇద్దరు చేస్తే చాలని రాయండి. ముగ్గురిలో ఒకరైనా కళాశాల ఉన్న ఊరిలోనే ఉండేవారు కావాలి, ఆగస్టులో పదిహేను రోజుల గడువు పెట్టుకుని చెక్కు మీద సంతకం కోసం బెంగళూరుకు కొరియర్ పంపితే కుదరదు.